ట్యూబు మీద ‘రక్తం’ అని మాత్రమే రాయకండి

శవపరీక్షలు చేసే డాక్టర్లకు, అనుమానాస్పద మరణాలను విచారించే అధికారులకు,

నమస్కారం.

నేను టాక్సికాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. మీరు పంపే ట్యూబులు తెరిచి అందులో ఏ మందు ఉందో, ఎంత ఉందో చెప్పడం నా పని. ఇన్నేళ్లుగా మీకూ నాకూ మధ్య నడిచినవన్నీ ఫారాలే. మీ ఫారం వస్తుంది, నా రిపోర్ట్ వెళ్తుంది. ఆ ఫారంలో పట్టని మాటలు కొన్ని నా దగ్గర మిగిలిపోయాయి. వాటిని అందరూ చదివేలా రాయడానికి ఒక కారణం ఉంది. డ్రగ్స్ వల్ల చనిపోయారని మనం తేల్చిన మనుషుల ఇంటివాళ్లు కూడా ఇది చదవాలి. మనల్ని ఏం అడగవచ్చో వాళ్లకు తెలియాలి.

కొన్నేళ్ల క్రితం ఒక ట్యూబు వచ్చింది. లేబుల్ మీద కేసు నంబరు, తేదీ, ‘రక్తం’ అన్న ఒక్క మాట. ఫారంలో ఒకటిన్నర లైను: యువకుడు, గతంలో డ్రగ్స్ అలవాటు ఉండేది, పడుకున్న చోటే చనిపోయాడు. పరీక్షలో అమిట్రిప్టిలిన్ కనిపించింది. డిప్రెషన్‌కూ, నరాల నొప్పికీ, నిద్ర పట్టనివాళ్లకూ డాక్టర్లు చాలాకాలంగా రాస్తున్న మందు అది. లెక్క చాలా ఎక్కువ వచ్చింది. నమ్మకం కుదరక రెండోసారి చేశాను. అదే లెక్క. రిపోర్ట్ పంపేశాను. మోతాదు మించి మింగి ఆత్మహత్య చేసుకున్నాడని రాసి ఫైలు మూసేశారు.

ఐదారు నెలల తర్వాత వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. రిపోర్ట్ మీద ఉన్న నంబరు చూసి చేశారట. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. చాలా నిదానంగా మాట్లాడారు. “బాబూ, మావాడి మాత్రల సీసా నా దగ్గరే ఉంది. ఏ రోజు తెచ్చుకున్నాడో దాని మీదే రాసుంది. రోజుకొకటి చొప్పున లెక్క వేశాను. ఎన్ని మిగలాలో అన్నే ఉన్నాయి. మరి వాడు ఎక్కువ మింగినవి ఎక్కడివి?”

నేను ఆ డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను, రక్తం ఎక్కడి నుంచి తీశారని. డ్రగ్స్ కేసు అన్నారు కదా అని శరీరం తెరవలేదట. బయటి నుంచి చూసి, ఛాతీలోకి ఒక పొడవాటి సూది గుచ్చి, వచ్చింది వచ్చినట్టు పట్టి పంపారట. అది గుండె లోపలి రక్తమో, గుండె చుట్టూ ఉండే సంచిలో చేరిన ద్రవమో, జీర్ణాశయాన్ని తాకి వచ్చిన సూదిలోని కల్తీయో ఆయనకూ తెలియదు. నాకు ఫోన్‌లో మాట రాలేదు. ఎందుకంటే తప్పులో సగం నాది. ‘ఎక్కడి రక్తం?’ అని రిపోర్ట్ రాయకముందు అడగాల్సింది నేను.

వైద్య చదువు లేనివాళ్ల కోసం ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్తాను. మనిషి చనిపోయాక రక్తప్రసరణ ఆగిపోతుంది. కానీ మందు ఆగదు. అమిట్రిప్టిలిన్ లాంటి మందులు, బతికి ఉన్నప్పుడు రక్తంలో ఉండేది కొంచెమే. ఎక్కువ భాగం కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, గుండె కండరంలో పేరుకుని ఉంటుంది. ప్రాణం పోయాక కణాల గోడలు దెబ్బతింటాయి, అక్కడ దాగిన మందు పక్కనే ఉన్న రక్తంలోకి ఊరుతుంది. జీర్ణాశయంలో కరగకుండా మిగిలిన మాత్రలుంటే వాటి నుంచి కూడా పక్కనున్న కాలేయంలోకి, గుండె వైపుకి పాకుతుంది. కాబట్టి గంటలు గడిచేకొద్దీ గుండెలోని రక్తంలో లెక్క పెరుగుతూ పోతుంది. అదే శరీరంలో తొడ దగ్గర తీసిన రక్తంతో పోలిస్తే అది కొన్ని రెట్లు ఉండొచ్చు. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్‌కు ఈ గుణం ఉంది. ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహాలో పనిచేసే మందులైన మెథడోన్‌కూ, ఫెంటానిల్‌కూ ఉంది. డాక్టరు చెప్పినట్టే మందు వేసుకున్న మనిషి, చనిపోయిన మర్నాడు మా యంత్రం ముందు విషం మింగినవాడిలా కనిపించగలడు.

యంత్రం అబద్ధం చెప్పలేదు. ట్యూబులో ఎంత ఉందో అంతే చెప్పింది. ఆ ట్యూబులో ఉన్నది బతికున్న మనిషి రక్తానికి ప్రతినిధి కాదన్న సంగతి మాత్రం దానికి తెలియదు.

అందుకే మొట్టమొదట అడుగుతున్నది ఇదే. రక్తాన్ని తొడ సిర నుంచి తీయండి. ఆ సిరను పొట్ట వైపు దారం కట్టి గానీ క్లాంప్ పెట్టి గానీ మూసి, కాలి వైపు నుంచి సూదితో లాగండి. రక్తం సరిపడా రాలేదని కాలిని పిసికి పిండకండి. అలా పిండితే కండరంలోని ద్రవం కలుస్తుంది, పడ్డ శ్రమంతా వృథా. గుండె రక్తం కూడా పంపితే మంచిదే, వేరే ట్యూబులో పంపండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఎంత మందు చావు తర్వాత కదిలిందో ఒక అంచనా దొరుకుతుంది. కాలేయం ముక్క కోసేటప్పుడు జీర్ణాశయానికి దూరంగా, కుడి లోబ్ లోతు నుంచి కోయండి. ఏ ట్యూబు ఎక్కడిదో లేబుల్ మీద రాయండి. ‘కుడి తొడ సిర, మూసి తీసినది’ అని రాయడానికి పది సెకన్లు పట్టదు. ఆ పది సెకన్లు లేకనే ఆ తల్లికి నేను జవాబు చెప్పలేకపోయాను.

రక్తం ఒక్కటే పంపి అన్ని జవాబులూ ఆశించకండి. కంటిలోని జిగురు లాంటి ద్రవం ఎంత విలువైనదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా అది మా దగ్గరికి రావాల్సినన్ని సార్లు రావడం లేదు. పొట్టకూ ఛాతీకీ దూరంగా, మూసిన గదిలా ఉంటుంది కాబట్టి అది త్వరగా కుళ్లదు, క్రిములు త్వరగా చేరవు. ఆల్కహాల్ విషయంలో దాని సాక్ష్యం చాలా గట్టిది. కుళ్లడం మొదలైన శరీరంలో సూక్ష్మజీవులు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తాయి. జీవితంలో చుక్క ముట్టని మనిషి రక్తంలో కూడా అది కనిపించగలదు. రక్తంలో ఉండి కంటి ద్రవంలో, మూత్రంలో లేకపోతే అది తాగింది కాదేమోనని ఆగి ఆలోచించాలి. తాగితే శరీరంలో తయారయ్యే ఇథైల్ గ్లూకురోనైడ్ ఉందో లేదో చూస్తే అనుమానం దాదాపు తీరుతుంది. మృతుణ్ణి తాగుబోతు అని రాసేముందు ఈ పరీక్ష అడగండి. అదే కంటి ద్రవంలో గ్లూకోజ్ బాగా ఎక్కువగా ఉంటే మత్తులో పోయాడనుకున్న మనిషి నిజానికి షుగర్ అదుపు తప్పి పోయాడని బయటపడొచ్చు. ఎక్స్‌టసీ అనే మత్తుమాత్ర తీసుకుని విపరీతంగా నీళ్లు తాగి, సోడియం పడిపోయి చనిపోయినవాళ్ల సంగతి కూడా అక్కడే కనిపిస్తుంది.

కనీసం ఒక ట్యూబులో, నమూనా చెడకుండా కాపాడే సోడియం ఫ్లోరైడ్ తప్పనిసరిగా వేయండి. కొకైన్‌ను రక్తంలోని ఎంజైములు ట్యూబులో కూడా విరగ్గొడుతూనే ఉంటాయి. ఫ్లోరైడ్ లేకుండా, ఫ్రిజ్ లేకుండా నాలుగు రోజులు బల్ల మీద కూర్చున్న ట్యూబులో కొకైన్ బదులు దాని అవశేషాలే మిగులుతాయి. గ్యాస్ గానీ, జిగురు గానీ, పెయింట్ సాల్వెంట్ గానీ పీల్చిన కేసయితే ఊపిరితిత్తి ముక్కను గట్టి మూత ఉన్న గాజు సీసాలో, పైన గాలికి చోటు వదలకుండా, చల్లగా పంపండి. ప్లాస్టిక్ డబ్బాలో వస్తే దారిలోనే సగం ఎగిరిపోతుంది.

ఆసుపత్రిలో కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉండి చనిపోయినవాళ్ల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. శ్వాస ఆగి మెదడు దెబ్బతిని, వెంటిలేటర్ మీద మూడు రోజులుండి పోయిన మనిషి రక్తంలో ఆ మూడు రోజుల్లో డ్రగ్ అంతా కరిగిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు, చనిపోయాక తీసిన రక్తం మీరు పంపితే నేను ‘ఏమీ లేదు’ అని రాస్తాను. అది నిజమే, కానీ ఆ కేసుకు పనికిరాని నిజం. ఆసుపత్రిలో చేర్చిన వెంటనే తీసిన మొదటి రక్తం ట్యూబు ఇంకా అక్కడి ల్యాబ్‌లో ఉండొచ్చు. కొద్ది రోజుల్లో దాన్ని పారేస్తారు. విచారణ అధికారులారా, మీరు చేయగలిగిన అతి విలువైన పని ఆ రోజే ఫోన్ చేసి దాన్ని ఆపించడం. ప్రాణం కాపాడే ప్రయత్నంలో డాక్టర్లు ఏ మందులు ఇచ్చారో ఆ జాబితా కూడా కావాలి. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేసేముందు మత్తుకూ, నొప్పికీ ఇచ్చిన మిడజోలం, కెటమిన్, ఫెంటానిల్ నా యంత్రంలో డ్రగ్స్ లాగానే కనిపిస్తాయి. వాటిని ఎవరిచ్చారో అది చెప్పదు.

ఇక అందరూ నన్ను అడిగే ప్రశ్నకు వస్తాను. “ఎంత ఉంటే చనిపోతారు?”

ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. పుస్తకాల్లో పట్టికలు ఉంటాయి: చికిత్స స్థాయి, విష స్థాయి, ప్రాణాంతక స్థాయి. అవి దారి చూపడానికి పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి కాదు. హెరాయిన్ లాంటి వాటిని మాన్పించే చికిత్సలో వాడే మెథడోన్ సంగతే చూడండి. రోజూ దాన్ని తీసుకుంటూ పనికి వెళ్లి వచ్చే మనిషి రక్తంలో ఉండే లెక్కా, మొదటిసారి తాగి నిద్రలోనే పోయిన మనిషి రక్తంలోని లెక్కా ఒకటే కావచ్చు. తేడా అలవాటులో ఉంది. ఓపియాయిడ్లకు శరీరం అలవాటు పడుతుంది, మానేస్తే ఆ అలవాటు చాలా త్వరగా పోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మరణాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం సాధారణ జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. లోపలికి వెళ్లకముందు తట్టుకున్న మోతాదునే బయటికి రాగానే తీసుకుంటారు. శరీరం ఇప్పుడు దాన్ని తట్టుకోదు. డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చినవాళ్లకూ ఇదే ప్రమాదం.

కాబట్టి ‘గతంలో డ్రగ్స్ అలవాటు’ అన్న మాట నాకు దాదాపు ఏమీ చెప్పదు. ఎప్పటివరకు? ఎప్పుడు మానేశాడు? చివరి నెలలో ఎక్కడున్నాడు? చివరిసారి ఎవరు చూశారు, అప్పుడు గురక పెడుతున్నాడా? ఈ గురక గురించి ఇంటివాళ్లు చాలాసార్లు చెప్తారు. గట్టిగా నిద్రపోతున్నాడు కదా అని లేపలేదంటారు. ఊపిరి ఆగిపోతున్న మనిషి చేసే శబ్దం అది. అలాంటి ఒక్క వాక్యం ఫారంలో ఉంటే, చావు నిమిషాల్లో కాక గంటల్లో వచ్చిందని నాకు తెలుస్తుంది, రక్తంలోని లెక్క ఎందుకు తక్కువుందో అర్థమవుతుంది. వీలైతే తల వెనక నుంచి పెన్సిల్ మందాన వెంట్రుకలు కత్తిరించి, కుదుళ్ల వైపు దారం కట్టి పంపండి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ముక్కలు చేసి చూస్తే ఏ నెలల్లో వాడాడో, ఏ నెలల్లో మానాడో తెలుస్తుంది. మూడు నెలలు శుభ్రంగా ఉండి ఒక్కరోజు జారిన మనిషి కథ ఆ వెంట్రుకలోనే ఉంటుంది. ఆ కథ అతని ఇంటివాళ్లకు దక్కాలి.

ఇప్పుడు శరీరం తెరవడం గురించి. పక్కన సిరంజి ఉంటే, జేబులో పొట్లం ఉంటే, శవాన్ని కోయాల్సిన పని లేదు, రక్తం తీస్తే చాలు అనుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. డాక్టర్ల కొరత నాకు తెలుసు. ఒకే ఉదయం వరసగా అన్ని శరీరాలు చూసే మీ అలసట కూడా తెలుసు. అయినా దీనికి ఒప్పుకోలేను. ఓపియాయిడ్ మరణంలో మీకు కనిపించేవి ఏమిటి? బరువెక్కిన ఊపిరితిత్తులు, శ్వాసనాళంలో నురగ, ఉబ్బిన మెదడు, నిండిన మూత్రాశయం. వీటిలో ఏ ఒక్కటీ డ్రగ్స్‌కే సొంతం కాదు. గుండె ఆగిపోయినా ఊపిరితిత్తులు అలాగే నిండుతాయి. మరోవైపు, డ్రగ్స్ వాడే మనిషికి కూడా అందరికీ వచ్చే జబ్బులు వస్తాయి, కొన్ని ఇంకా ఎక్కువగా వస్తాయి. సూదుల వల్ల గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ వస్తుంది. కొకైన్ వాడేవాళ్ల గుండె రక్తనాళాలు చిన్న వయసులోనే మూసుకుపోతాయి. మత్తులో పడి తలకు దెబ్బ తగిలి, పుర్రె లోపల రక్తం గడ్డకట్టిన మనిషిని ‘మత్తులో నిద్రపోతున్నాడు’ అని వదిలేస్తారు. రక్తంలో డ్రగ్ ఉండటం ఒక సంగతి, దాని వల్లే చనిపోవడం ఇంకో సంగతి. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవగలిగింది మీ చేతిలోని కత్తే, నా యంత్రం కాదు. అమెరికాలో అనుమానాస్పద మరణాలను పరీక్షించే డాక్టర్ల (మెడికల్ ఎగ్జామినర్ల) జాతీయ సంఘం కూడా ఓపియాయిడ్ మరణమని అనుమానం వస్తే పూర్తి శవపరీక్ష చేయాలనే 2013లో సూచించింది.

చర్మం చూడటం కూడా తొందరలో తప్పిపోతుంటుంది. వీపు మీదా, భుజాల మధ్యా అంటించిన ఫెంటానిల్ ప్యాచ్‌లు, నోట్లో నమిలిన ప్యాచ్ ముక్కలు, కాలివేళ్ల సందుల్లో సూది గాట్లు. శరీరం కడిగాక చూస్తే ప్యాచ్ ఉండదు.

‘డ్రగ్ కేసు’ అన్న ముద్ర వెనక ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు తన పేషెంట్లను డయామార్ఫిన్ (వైద్యంలో వాడే హెరాయిన్) ఇచ్చి చంపాడు. అది శరీరంలో మార్ఫిన్‌గా మారుతుంది. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. ఆ తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణ 2002లో 215 మందిని చంపాడని తేల్చింది. 1998లో చనిపోయిన ఒక 81 ఏళ్ల మహిళకు వృద్ధాప్యం వల్ల మరణం అని అతనే రాశాడు. వీలునామా మీద అనుమానం వచ్చి శరీరాన్ని బయటికి తీసి పరీక్షిస్తే కండరంలో మార్ఫిన్ దొరికింది. అప్పుడు అతను చెప్పిన సమాధానం ఏమిటో తెలుసా? ఆవిడకు మత్తుమందుల అలవాటు ఉందన్నాడు. తన కంప్యూటర్ రికార్డుల్లో అలా రాసి ఉందని చూపించాడు. ఆ రాతలు ఆవిడ చనిపోయాక చేర్చినవని పోలీసుల పరిశీలనలో తేలింది. ‘అలవాటు ఉంది’ అన్న రెండు మాటలు ఎవరైనా రాయొచ్చు. అవి చూసి మనం చేతులు ముడుచుకుంటామని అతనికి తెలుసు.

కస్టడీలో జరిగే మరణాల విషయంలో ఇది ఇంకా బాధగా ఉంటుంది. నలుగురు మీద కూర్చుని, ఛాతీ నేలకు అదిమిపెట్టి, ఊపిరాడక చనిపోయిన మనిషి రక్తంలో కాస్త కొకైనో, మెథాంఫెటమినో కనిపిస్తే చాలు, కారణం అక్కడే దొరికిందని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఉన్నారు. దీనికి ‘ఎక్సైటెడ్ డెలీరియం’, అంటే ఉద్రేకంతో మతి తప్పిన స్థితి, అని ఒక పేరు కూడా చాలా ఏళ్లు నడిచింది. ఇందాక చెప్పిన మెడికల్ ఎగ్జామినర్ల సంఘమే 2023లో ఆ పేరును మరణ కారణంగా తాము సమర్థించడం లేదని ప్రకటించింది. నా రిపోర్ట్ ఎవరో పెట్టిన బరువును దాచే దుప్పటి కాకూడదు. అలాంటి కేసుల్లో మెడ కండరాలు పొరపొరగా తెరిచి చూడండి, వీపు చర్మం కింద చూడండి, వీడియో ఉంటే తెప్పించుకుని చూడండి. ఆ తర్వాతే నా అంకె వైపు రండి.

తేల్చిన తర్వాత రాసే మాట గురించి కూడా చెప్పాలి. ‘డ్రగ్ ఓవర్‌డోస్’ అని ఊరికే రాయకండి. ఏ డ్రగ్? పేరు రాయకపోతే ఆ మరణం అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో టి50.9 అనే కోడ్ కిందికి, అంటే ‘ఇతర, నిర్దిష్టంగా తెలియని మందులు’ అన్న గంపలోకి పోతుంది. మార్కెట్లోకి ఏ కొత్త విషం వచ్చిందో, ఎవరికి హెచ్చరిక చేయాలో ఆ గంప చెప్పదు. హెరాయిన్ సంగతి చూడండి. రక్తంలో అది నిమిషాల్లో 6-మోనోఅసిటైల్‌మార్ఫిన్‌గా, తర్వాత మార్ఫిన్‌గా మారిపోతుంది. మార్ఫిన్ ఒక్కటే చూసి ‘మార్ఫిన్’ అని రాస్తే ఆసుపత్రి మందుతో పోయాడని అర్థం వస్తుంది. దగ్గు మందులోని కోడీన్ కూడా శరీరంలో కొంత మార్ఫిన్‌గా మారుతుంది. ఆ 6-మోనోఅసిటైల్‌మార్ఫిన్ దొరికితేనే హెరాయిన్ అని గట్టిగా చెప్పగలం. అది మూత్రంలోనూ, కంటి ద్రవంలోనూ రక్తంలో కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. చూశారా, మళ్లీ ఆ రెండు ట్యూబులే కావలసి వచ్చాయి.

అమెరికన్ సంగీతకారుడు ప్రిన్స్ 2016 ఏప్రిల్‌లో చనిపోయినప్పుడు కారణం ఫెంటానిల్ అని మెడికల్ ఎగ్జామినర్ పేరు పెట్టి చెప్పారు. అతను మింగినవి చూడటానికి మామూలు నొప్పి మాత్రల్లా ఉన్న నకిలీవని తర్వాత దర్యాప్తులో బయటపడింది. మాత్ర మీద ముద్ర ఒకటి, లోపల విషం ఇంకొకటి. ఆ పేరు చెప్పకుండా ‘నొప్పి మాత్రలు ఎక్కువయ్యాయి’ అని రాసి ఉంటే, అలాంటి మాత్రలు కొంటున్న మిగతావాళ్లకు ఏం తెలిసేది?

మా వైపు లోపాలు కూడా ఒప్పుకోవాలి. చాలా ల్యాబుల్లో మొదటి స్క్రీనింగ్ మార్ఫిన్ లాంటి వాటిని పట్టుకునేలా తయారైంది. అది ఫెంటానిల్‌ను పట్టదు, మెథడోన్‌ను పట్టదు. 1950ల్లో ఒక మందుల కంపెనీ తయారుచేసి, ఎప్పుడూ అమ్మకానికి పెట్టని నైటజీన్లు అనే ఓపియాయిడ్లు 2019 నుంచి దొంగ మార్కెట్లో కనిపిస్తున్నాయి. చాలా కొద్ది మోతాదు చాలు ఊపిరి ఆపడానికి. ఏం వెతకాలో తెలియకపోతే మా యంత్రం వాటిని దాటిపోతుంది. ‘నెగటివ్’ అని మేం రాసేది ‘మేం వెతికినవాటిలో లేదు’ అని మాత్రమే. ఏవేవి వెతికామో ఆ జాబితా ప్రతి రిపోర్ట్ కింద ఉండాలి. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఉంచుతున్నాం. ఆ జాబితా లేకుండా ఏ ల్యాబ్ నుంచి రిపోర్ట్ వచ్చినా మీరు అడగండి. మీ పరీక్షలో సరిపడా కారణం దొరకలేదు, నా రిపోర్ట్ నెగటివ్, చనిపోయిన చోటు చూస్తే మాత్రం డ్రగ్స్ అనిపిస్తోంది, అలాంటప్పుడు ఫైలు మూయకండి. దొరికిన పొడి, మాత్ర ముక్క, సిరంజి మాకు పంపండి. చెత్త అనుకుని పారేసిన స్పూనులోనే జవాబు ఉన్న కేసులు చూశాను. శరీరంలో గాలించడం కంటే పొడిలో వెతకడం మాకు చాలా తేలిక.

ఇంటివాళ్ల గురించి కూడా రాయాలి. రిపోర్ట్‌కు వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. ఆ కాలమంతా వాళ్ల చేతిలో ‘పరీక్ష ఫలితం రావాలి’ అన్న కాగితం ఒక్కటే ఉంటుంది. చుట్టాలు అడుగుతారు, పక్కింటివాళ్లు అడుగుతారు, బీమావాళ్లు అడుగుతారు. వాళ్ల టెన్షన్ మాటల్లో చెప్పలేం. ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పేవాళ్లుండరు. చివరికి ఒక కాగితం వస్తుంది, అందులో మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టి పంపేయకండి. అరగంట కూర్చోబెట్టి మామూలు మాటల్లో చెప్పండి. నొప్పి పడ్డాడా అని అడుగుతారు. పక్కన నేనుంటే బతికేవాడా అని అడుగుతారు. కావాలని చేశాడా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నకు అంకె జవాబు కాదు. ఎంత ఉందో అంకె చెప్తుంది. ఎందుకు తీసుకున్నాడో చెప్పదు. తెలియనప్పుడు ‘నిర్ధారించలేకపోయాం’ అని రాయడానికి వెనకాడకండి. ఆ మాటకు మనం సిగ్గుపడక్కర్లేదు. తెలియకుండా ‘ఆత్మహత్య’ అని రాస్తే మాత్రం ఒక కుటుంబం తరతరాలు దాన్ని మోస్తుంది.

ఆ అబ్బాయి విషయంలో తర్వాత ఏం జరిగిందో చెప్తాను. నేను రాతపూర్వకంగా రాసిచ్చాను: నమూనా ఎక్కడిదో స్పష్టత లేదు, అమిట్రిప్టిలిన్ మరణానంతరం గుండె దగ్గర పెరిగే మందు, నా లెక్కను బట్టి ఎక్కువ మింగాడని చెప్పలేం. తొడ రక్తం లేదు. కాలేయం లేదు. కంటి ద్రవం లేదు. శరీరం అప్పటికే దహనమైపోయింది. గుండెను ఎవరూ తెరిచి చూడలేదు కాబట్టి అందులో ఏం జబ్బుందో ఎప్పటికీ తెలియదు. చాలా నెలల తర్వాత ‘ఆత్మహత్య’ అన్న మాట కొట్టేసి ‘నిర్ధారించలేకపోయాం’ అని మార్చారు. ఆ డాక్టరుగారు మంచి మనిషి. తానే పూనుకుని మార్పించారు.

వాళ్లమ్మగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే వాడెందుకు పోయాడో తెలీదన్నమాట” అన్నారు. తెలియదమ్మా అన్నాను. ఆ మాత్రల సీసా ఇక పారేయవచ్చా అని అడిగారు. పారేయవద్దు, ఉంచండి అన్నాను. ఎందుకు అలా అన్నానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. బహుశా ఆ కేసులో సరిగ్గా లెక్క పెట్టిన మనిషి ఆవిడ ఒక్కరే అనిపించి ఉంటుంది.

రేపు మీ బల్ల మీదికి ఇంకొకరు వస్తారు. సూది తీసుకునేముందు ఏ సందేహం ఉన్నా ఫోన్ చేయండి. రాత్రయినా పరవాలేదు. ఏ ట్యూబు, ఎక్కడి నుంచి, ఎంత, దేనిలో పంపాలో అప్పటికప్పుడు చెప్తాను. మా ల్యాబ్‌లో ఇకనుంచి, ఎక్కడిదో రాయని రక్తం వస్తే పరీక్ష చేసేముందే మీకు ఫోన్ వస్తుంది. విసుక్కోకుండా ఎత్తండి.

ఇట్లు,
మీ ట్యూబులు తెరిచే ఒక టాక్సికాలజిస్ట్